పాత చీరా, స్టీలు గిన్నే, అమెరికా డాలరూ

మా వీధిలోకి స్టీలు సామాన్లవాడు ఇప్పటికీ వస్తాడు. పూర్వంలాగా తట్ట నెత్తిన పెట్టుకుని కాదు, మోపెడ్ వెనకాల గంప కట్టుకుని వస్తాడు. వాహనం మారింది గాని విద్య మారలేదు. పాత చీరలు తెచ్చి ముందు పడేస్తే ఒక్కొక్కటీ ఎండకేసి ఎత్తి చూసి, "ఇది చివికిపోయిందమ్మా, దీనికి జరీ లేదమ్మా" అని పెదవి విరుస్తాడు. తన గిన్నెని మాత్రం గోటితో టంగుమనిపించి, "మందం చూసుకోండమ్మా, మీ మనవరాలి కాలం దాకా వస్తుంది" అంటాడు. వాడి లెక్కలో మన చీర ఎప్పుడూ చవకే, వాడి గిన్నె ఎప్పుడూ ప్రియమే. ఆ రెంటికీ మధ్యనున్న సందులోనే వాడి సంసారం నడుస్తోంది.

ముప్ఫయ్యేళ్ళుగా వాడితోనూ, వాడికి ముందు వాళ్ళ నాన్నతోనూ బేరమాడుతున్నాను. ఒక్కసారైనా గెలిచానని చెప్పలేను. అయినా నాకేమీ విచారం లేదు. పోయింది కట్టుబడి అయిపోయిన చీర. వచ్చింది పెరుగు తోడు పెట్టుకునే గిన్నె. మా ఆయన మాత్రం, "నాలుగు చీరలకి ఒక్క గిన్నెనా? నీకు లెక్కలు రావు" అని వేళాకోళం చేస్తూ ఉంటారు. నాకు లెక్కలు వచ్చు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఇంతకీ స్టీలు సామాన్ల ప్రస్తావన ఇవాళ ఎందుకు వచ్చిందంటారేమో. మా చిన్నాడపడుచు ఈమధ్య ఇదే బేరం అమెరికా డాలర్లతో చేసింది. తేడా అల్లా ఒక్కటే, చివర గిన్నె రాలేదు.

ఆ అమ్మాయి గుంటూరులోనే, మాకు నాలుగు వీధులవతల ఉంటుంది. డిగ్రీ చదివింది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు ఎంత గుట్టుగా నడుపుతుందో చూసి నేనే నేర్చుకున్నాను. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున్నే వచ్చి వంటింటి గడపలో కూర్చుని, "వదినా, అన్నయ్య ఇంట్లో ఉన్నాడా?" అంది. లేరన్నాను. అప్పుడు ఏడ్చింది. చీటీ పాడి ఎత్తిన డబ్బూ, నాలుగు గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బూ కలిపి రెండు లక్షల నలభై వేలు, ముందురోజు సాయంత్రం పోయాయట. దొంగ రాలేదు, తలుపు తీయలేదు. చేతిలో ఉన్న ఫోనులోంచే పోయాయి.

"ఎలా పోయాయమ్మా?" అంటే, "ఫారెక్సులో పోయాయి వదినా" అంది. నేను మొదట అదేదో ఊరు పేరనుకున్నాను.

తరవాత కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అంతా చెప్పించుకున్నాను. ఫోనులో ఒక ప్రకటన వచ్చిందట. "ఇంట్లో ఖాళీగా ఉంటున్నారా? రోజుకి గంట కేటాయించండి. గృహిణులకి ప్రత్యేకం, కరెన్సీ ట్రేడింగులో ఓనమాలు, తెలుగులోనే" అని. పదిరోజుల పాఠాలకి అయిదు వేలు రుసుము. పాఠాలు చెప్పేది ఒక 'సారు'. ఆయన వెనక విదేశీ కారు, కారు వెనక సముద్రం. మొదటి వారంలో ఈ అమ్మాయి పదివేలు వేస్తే ఆరువేలు లాభం చూపించిందట. అందులో మూడువేలు బ్యాంకులోకి కూడా వచ్చాయట. ఆ మూడువేలతో అత్తగారికి కళ్ళజోడు చేయించింది. ఆ తరవాతే చీటీ, గాజులు.

నాకు ముందుగా ఒళ్ళు మండింది డబ్బు మాటకి కాదు. 'ఖాళీగా' అన్న ఆ మాటకి. తెల్లవారుజామున పాలవాడి పిలుపుతో లేచింది మొదలు రాత్రి గ్యాసు సిలిండరు కట్టేసేదాకా ఎక్కడండీ ఖాళీ? మధ్యాహ్నం కందిపప్పులో రాళ్ళేరుతూ ఫోను చూస్తే ఖాళీగా ఉన్నట్టా? ఈ ప్రకటన రాసినవాడికి మన బతుకు తెలియదు. కాని మన మనసులో ఒక మూల ఉన్న ఆశ మాత్రం తెలుసు. ఆ ఆశ పేరు, ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టుకోగల నాలుగు రూపాయలు. దాన్నే వాడు గాలానికి ఎరగా గుచ్చాడు.

ఆనాటి నుంచి ఈ కరెన్సీ వ్యాపారం ఏమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. మా పెద్దబ్బాయి చేత కావలసినవి వెతికించి తెప్పించుకుని చదివాను. చదివాక నాకు తేలినది ఇది: ఈ బజారులో అన్నిటికంటె మోసపు మాట 'మొదటిసారి నేర్చుకునేవారికి' అన్నది. చేపలకి ఈతలో శిక్షణ ఇస్తామని వలవాడు ప్రకటన వేసినట్టుంటుంది ఆ మాట. ఎందుకంటున్నానో ఒక్కొక్కటే చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

మొదట స్టీలు గిన్నె లెక్క. కరెన్సీ వ్యాపారమంటే ఒక దేశం డబ్బు ఇచ్చి ఇంకో దేశం డబ్బు తీసుకోవడం. ధర ఎప్పుడూ రెండంకెలుగా ఉంటుంది, కొనేవాళ్ళకి ఒకటి, అమ్మేవాళ్ళకి ఒకటి. ఒక యూరోకి మీరు కొనాలంటే 1.1002 డాలర్లు, అదే నిమిషంలో మీరు అమ్మాలంటే 1.1000 డాలర్లు అనుకోండి. ఆ చివరి అంకెలో ఒక్కొక్క మెట్టునీ 'పిప్పు' అంటారు. ఇక్కడ తేడా రెండు పిప్పులు. 'అబ్బే, రెండేగా!' అంటారు సారుగారు. చెరుకు రసం వాడిది, పిప్పి మనది అని ఆ మాటలోనే ఉంది, మనమే గమనించలేదు.

ఆ రెండు పిప్పులూ ఎంతవుతాయో చూద్దాం. మీ దగ్గర పదివేలున్నాయి. పదివేలతో విదేశీ డబ్బు కొంటే రోజంతా కూర్చున్నా ఏ యాభయ్యో వందో వస్తుంది, లేదా పోతుంది. దానికెవరు కూర్చుంటారు? అందుకని కంపెనీవాడు మీకు అరువిస్తాడు. మీ పదివేలూ బయానాగా ఉంచుకుని పది లక్షల సరుకు మీ పేర రాస్తాడు. దీన్ని 'లెవరేజి' అంటారు. వంద రెట్లు. కొందరు అయిదువందల రెట్లు కూడా ఇస్తామంటారు. ఇప్పుడు మీరు వ్యాపారం చేసేది పది లక్షల మీద. పది లక్షల మీద రెండు పిప్పులంటే సుమారు 180 రూపాయలు. అంటే మీరు కొన్న క్షణంలోనే, ధర ఇటూ అటూ కదలకముందే, మీ పదివేలల్లో 180 వాడి గల్లాపెట్టెలో పడ్డాయి.

రోజుకి అయిదుసార్లు కొని అమ్మారనుకోండి. సుమారు 900 రూపాయలు. యూరో పెరగనూ లేదు, తరగనూ లేదు, మీరు ఒక్క తప్పూ చేయలేదు, గెలుపూ ఓటమీ సమానంగా వచ్చాయి. అయినా పదకొండు రోజులకి మీ పదివేలూ హరించుకుపోతాయి. కందిపప్పు కిలోకి ఎన్ని గిద్దెలో చెప్పగల మనకి ఈ లెక్క ఎవరూ చెప్పరు. అయిదు వేలు పుచ్చుకుని పదిరోజులు పాఠాలు చెప్పిన సారుగారు కూడా మా అమ్మాయికి ఈ లెక్క చెప్పలేదు. కొవ్వొత్తి బొమ్మలు మాత్రం చాలా నేర్పాడట, ఎర్రవీ పచ్చవీ.

ఇక అరువు సంగతి. వంద రెట్లు అరువు తెచ్చుకుంటే, ధర మీకు ఎదురుగా నూటికి ఒక్క వంతు కదిలితే చాలు, మీ బయానా మొత్తం పోతుంది. అయిదువందల రెట్లయితే నూటికి ఒకటిలో అయిదోవంతు కదిలితే చాలు. యూరో, డాలరు, యెన్ను ఒక్క రోజులో ఆ మాత్రం కదలడం వింతేమీ కాదు. "చిన్న మొత్తంతో మొదలుపెట్టండి, ప్రమాదం తక్కువ" అంటారు. నిజానికి మొత్తం చిన్నది కావడమే ఇక్కడ ప్రమాదం. చిన్న మొత్తానికి లాభం కనిపించాలంటే పెద్ద అరువు కావాలి. పెద్ద అరువంటే చిన్న కదలికకే మునక. పెద్ద కంపెనీలు పదిరోజులు ఎదురుగాలి తట్టుకుని కూర్చోగలవు. మన చీటీ డబ్బు పది నిమిషాలు తట్టుకోలేదు.

మా అమ్మాయి డబ్బు పోయింది శుక్రవారం సాయంత్రం. అమెరికాలో ఎందరికి ఉద్యోగాలు దొరికాయన్న ప్రభుత్వ లెక్క మామూలుగా నెలలో మొదటి శుక్రవారం, వాళ్ళ పొద్దున ఎనిమిదిన్నరకి వెలువడుతుంది. వాళ్ళ వేసవి కాలంలో అది మనకి సాయంత్రం ఆరు గంటలు. అంటే మన ఇళ్ళల్లో లక్ష్మీదేవికి దీపం పెట్టే వేళ. ఆ లెక్క వెలువడిన క్షణంలో డాలరు ధర ఎగిరి గంతులేస్తుంది. పెద్ద బ్యాంకుల్లో యంత్రాలు రెప్పపాటులో చదివేసి కొనేస్తాయి. మా అమ్మాయి దేవుడి దగ్గర వత్తి వెలిగించి వచ్చేసరికి తెరమీద అంతా ఎర్రగా ఉందట. "పదినిమిషాలే వదినా, కుంకుమ పెట్టుకుని వచ్చేలోపల" అంది. ఆ మాట నాకింకా చెవుల్లో ఉంది.

ఆమె ఎవరితో పోటీకి కూర్చుందో తెలుసా? స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఉన్న అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు మూడేళ్ళకోసారి ఈ బజారుని లెక్క వేస్తుంది. 2025 ఏప్రిల్ లెక్క ప్రకారం ఒక్కరోజులో చేతులు మారే డబ్బు సుమారు 9.6 లక్షల కోట్ల డాలర్లు. ఆ సముద్రంలోకి మనం చెంబు పట్టుకుని దిగి, అలలని చూసి లాభం తీస్తామనుకోవడం!

"అందుకే స్టాప్‌లాసు పెట్టుకోవాలి" అంటారు తెలిసినవాళ్ళు. ఇంత నష్టం రాగానే దానంతటదే అమ్మేయమని ముందే చెప్పి ఉంచడమన్నమాట. మంచిదే. కాని 2015 జనవరి 15న ఏం జరిగిందో కూడా చెప్పాలిగా. అంతకుముందు 2011 సెప్టెంబరు నుంచి స్విట్జర్లాండు కేంద్ర బ్యాంకు, ఒక యూరో ధర 1.20 ఫ్రాంకులకంటె తగ్గనివ్వమని మాట ఇచ్చి నిలబెట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు ఉన్నట్టుండి ఆ మాట వెనక్కి తీసుకుంది. నిమిషాలలో యూరో ఒక ఫ్రాంకుకంటె కిందికి జారింది. మధ్యలో కొనేవాడే లేడు. ఇక స్టాప్‌లాసు ఎక్కడ ఆగుతుంది? మెట్లే లేని బావిలో మూడో మెట్టు మీద ఆగుతానంటే కుదురుతుందా? బయానా పోగా ఎదురు బాకీ పడ్డవాళ్ళున్నారు. లండనులో పేరున్న బ్రోకరు కంపెనీయే దివాలా తీసింది. అది వాళ్ళ వృత్తి. పదిరోజుల పాఠంతో మనం ఏ మూలకి?

ఇంకో రహస్యం. ఇలాంటి కంపెనీలలో చాలావాటికి మీ ఆర్డరు ఏ బజారుకీ వెళ్ళదు. మీరు కొంటే అమ్మినవాడు కంపెనీవాడే, మీరు అమ్మితే కొన్నవాడూ వాడే. మీ నష్టమే వాడి ఆదాయం. చదరంగంలో ఎదుటి పక్క కూర్చున్నవాడే మీకు ఎత్తులు చెబుతూ, పైగా ఫీజు కూడా పుచ్చుకుంటున్నాడన్నమాట. కొన్నిచోట్ల అసలు వ్యాపారమే ఉండదు, తెరమీద అంకెలు వాళ్ళిష్టం వచ్చినట్టు తిప్పుతారు. మొదట లాభం చూపించి కొంచెం చేతికివ్వడం వలకి నూక చల్లడమే. మా అమ్మాయి డబ్బు నిజంగానే డాలరు గంతుకి పోయిందో, ఎవడో కూర్చుని పోగొట్టాడో చెప్పేవాళ్ళు లేరు. ఇంకా పద్దెనిమిది వేలు మిగిలాయని తెర చూపిస్తోంది గదా, అవైనా ఇమ్మంటే, "ముందు పాతికవేలు పన్ను కట్టండి మేడమ్, లేదా లక్షన్నర వేస్తే పోయినదంతా రాబట్టిస్తాం" అన్నారట. పద్దెనిమిదికి పాతిక! స్టీలు సామాన్లవాడు కూడా సిగ్గుపడే బేరం.

మీరనవచ్చు, "ఏదో ఒక అమ్మాయి పోగొట్టుకుంటే అందరూ పోగొట్టుకుంటారా?" అని. యూరపులో ఈ వ్యాపారాన్ని కనిపెట్టి చూసే ప్రభుత్వ సంస్థ 2018లో దేశదేశాల లెక్కలు తీసింది. ఇటువంటి అరువు వ్యాపారంలో మామూలు మనుషుల ఖాతాలలో నూటికి 74 నుంచి 89 దాకా నష్టంలోనే ఉన్నాయని తేలింది. అందుకని ముఖ్యమైన కరెన్సీలకి అరువు ముప్ఫయి రెట్లకి మించకూడదని హద్దు పెట్టింది. తమ దగ్గర నూటికి ఎందరు పోగొట్టుకుంటున్నారో ప్రతి కంపెనీ తన ప్రకటనలోనే అచ్చు వేయాలంది, సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక బొమ్మలాగా. తెలుగులో ఓనమాలు దిద్దించే మన సారుల ప్రకటనలో ఆ హెచ్చరిక బొమ్మ ఎక్కడుందో కాస్త చూపించండి. కారు మాత్రం కనిపిస్తుంది.

ఇక చట్టం మాట. ఇది తెలిసి నేను నిర్ఘాంతపోయాను. మనదేశంలో విదేశీ డబ్బు వ్యవహారాలకి 1999 నాటి 'ఫెమా' చట్టం ఉంది. దాని ప్రకారం అనుమతి ఉన్నవారితోనే, అనుమతి ఉన్న పనులకే చేయాలి. ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ చేసే కరెన్సీ వ్యాపారమైతే రిజర్వు బ్యాంకు అనుమతి ఇచ్చిన వేదికల మీదా, గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీలలోనే చేయాలి. విదేశాలకి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చన్న సదుపాయం ఉంది గాని, ఇటువంటి వ్యాపారానికి బయానాగా పంపడానికి అది వర్తించదు. రిజర్వు బ్యాంకు 2022 ఫిబ్రవరిలో జనాన్ని హెచ్చరించింది. అదే ఏడు సెప్టెంబరులో అనుమతి లేని 34 సంస్థల పేర్లు బయటపెట్టింది. తరవాత ఆ జాబితా పెరుగుతూ వచ్చింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది. పైగా, అనుమతి లేనిచోట వ్యాపారం చేసినవారి మీదా చర్య తీసుకోవచ్చట!

చూశారా చిక్కు? డబ్బు పోగొట్టుకున్నది మనం, తప్పు చేసినట్టు భయపడేదీ మనమే. ఇంట్లో చెప్పడానికి సిగ్గు, బయట చెప్పడానికి భయం. వలవాడికి ఇంతకంటె ఏం కావాలి? వాడు గృహిణులకి ప్రత్యేకమని ఎందుకన్నాడో నాకప్పుడు బోధపడింది. మన డబ్బు చిన్నదని కాదు, మన నోరు మూసుకుని ఉంటుందని.

ఇంతా విని మా ఆయన పేపరు మడిచి, "అందుకే అన్నారు, ఆడవాళ్ళకి ఈ వ్యవహారాలెందుకని" అన్నారు. ఆ మాటకీ నేను ఒప్పుకోను. ఈ వ్యాసం ఆ పక్షాన రాయడంలేదు సుమండీ! షేర్లలో ఇలాంటి అరువు జూదమే, ఫ్యూచర్లూ ఆప్షన్లూ అనేవి, 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలలో ఆడినవారిలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారని సెబీ 2024లో లెక్క చెప్పింది. కోటిమందికి పైగా, ఒక్కొక్కరికీ సగటున రెండు లక్షలు. అది కరెన్సీ కాదు, షేర్ల సంగతి. కాని అందులో ఎక్కువమంది మగవారే. వాళ్ళ భార్యలెవరూ, "మగవాళ్ళకెందుకీ వ్యవహారాలు?" అనలేదు. అనవలసింది.

జపానులో ఇల్లాళ్ళు మనకి ముందే ఈ దారి తొక్కారు. 1998లో అక్కడ చట్టం సడలించాక, బ్యాంకులో వడ్డీ ఇంచుమించు సున్నా అయిన రోజుల్లో, ఇంటి డబ్బు చూసుకునే ఆడవాళ్ళు ఆస్ట్రేలియా డాలరూ న్యూజిలాండు డాలరూ కొనడం మొదలుపెట్టారు. లోకంలోని పత్రికలన్నీ వాళ్ళకి 'మిసెస్ వాతానబే' అని ముద్దుపేరు పెట్టి మురిసిపోయాయి. 2008లో జూలై నుంచి అక్టోబరు లోపల యెన్ను లెక్కలో ఆస్ట్రేలియా డాలరు విలువ ఇంచుమించు సగానికి పడిపోయింది. అరువు తెచ్చుకున్నవాళ్ళ గతి ఏమిటో వేరే చెప్పాలా? ఆ తరవాత జపాను ప్రభుత్వం అరువుని 2010లో యాభై రెట్లకీ, 2011లో పాతిక రెట్లకీ కట్టడి చేసింది. ముద్దుపేరు పెట్టినవాళ్ళెవరూ ఆవిడ నష్టంలో పాలు పంచుకోలేదు.

కరెన్సీ అసలు మనకి తెలియనిదేం కాదు. 1966 జూన్ 6న డాలరు ధరని 4 రూపాయల 76 పైసల నుంచి ఏకంగా ఏడున్నరకి చేసిననాడు మా అమ్మ ఆ మాట వినకపోయినా, దాని సెగ వంటింట్లో ఎరుగును. 1991 జూలైలో రెండురోజుల తేడాలో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించిననాడు నేనెరుగుదును. మనదేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది. రూపాయి జారితే నూనె ప్యాకెట్టు ధర చూసి మనమే ముందు కనిపెడతాం, పేపరు చదివే మగవాళ్ళకంటె ముందు.

ఈ కరెన్సీ ఒప్పందాలకి న్యాయమైన ఉపయోగం కూడా ఉంది. మా వీధి చివరి మిర్చి వ్యాపారి విదేశాలకి సరుకు పంపిస్తారు. డబ్బు మూణ్ణెల్లకి డాలర్లలో వస్తుంది. ఈలోగా డాలరు తగ్గితే ఆయన కొంప మునుగుతుంది. అందుకని ఇవాళే ఒక ధర ఖాయం చేసుకుంటారు. అది జూదం కాదు, గొడుగు. మనదేశంలో 2008 ఆగస్టు 29న ఎక్స్ఛేంజీలో డాలరు ఒప్పందాలు మొదలుపెట్టారు, ఒక్కొక్కటీ వెయ్యి డాలర్లకి. రూపాయితో ముడిపడ్డ ఆ ఒప్పందాలు, నిజంగా విదేశీ డబ్బుతో పని ఉన్నవాళ్ళ కోసమేనని రిజర్వు బ్యాంకు 2024లో మళ్ళీ గట్టిగా చెప్పింది. వాన లేనివాళ్ళు గొడుగుల మీద పందెం కాయడం వేరు సంగతి.

మరి మనకి ఓనమాలు వద్దా? కావాలి. పిల్లవాడికి అమెరికాలో ఫీజు కట్టేటప్పుడు బ్యాంకు అమ్మే డాలరు ధరకీ, పేపర్లో వేసిన ధరకీ తేడా ఎంత? పక్క బ్యాంకులో ఎంత? పంపడానికి పట్టే ఖర్చెంత? కూతురు అక్కడినుంచి డబ్బు పంపితే దారిలో ఎవరెంత కొరుకుతున్నారు? ఈ నాలుగు ప్రశ్నలూ అడగడం నేర్చుకుంటే చాలు, వేలు మిగులుతాయి. ఈ పాఠం ఎవరూ అయిదు వేలు పుచ్చుకుని చెప్పరు, ఎందుకంటే ఇందులో చెప్పేవాడికి మిగిలేదేమీ లేదు.

ఆ సారుగారిని నేను ఒక్కటే అడుగుతున్నాను. అయ్యా, అంత లాభసాటి విద్య మీ చేతిలో ఉండగా, మా ఆడవాళ్ళ దగ్గర తలకి అయిదు వేలు వసూలు చేసుకునే ఖర్మ మీకెందుకు పట్టింది? పోయిన ఏడాది మీరు కట్టిన ఆదాయప్పన్ను కాగితం చూపించండి. అందులో డాలరు సంపాదించిపెట్టింది ఎంత, మా అమ్మాయిలాంటి వాళ్ళ ఫీజులు ఎంత? ఆ కాగితం చూపించిన రోజున నేనే మీ క్లాసులో ముందు వరసలో కూర్చుంటాను.

ఇంటాయనలకి కూడా ఒక మాట. ఆ ప్రకటనకి ఆ అమ్మాయి ఎందుకు లొంగింది? ఆశపోతు కనుకనా? అత్తగారి కళ్ళజోడుకి మొగుడిని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ "వచ్చే నెల చూద్దాం" అనిపించుకున్న మనిషి ఆవిడ. తన పేర తనకంటూ నెలకి కొంత ఉంటే, ఇంటి డబ్బు ఎంతో ఎక్కడుందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే అలవాటుంటే, ఆ ఫోను తెరకి అంత వెలుగు వచ్చేది కాదు. చాటుగా చేసే పనిలోనే వలవాడికి చోటు దొరుకుతుంది.

ఆ శనివారం నేను చేసిన మొదటి పని, సైబరు నేరాల వాళ్ళ 1930 నంబరుకి ఆ అమ్మాయి చేతనే ఫోను చేయించడం. డబ్బు పోయిన వెంటనే, ఎంత త్వరగా చెబితే దాన్ని దారిలో ఆపడానికి అంత వీలుంటుందట. మేము ఒక రాత్రి ఆలస్యం చేశాం. ఆ రాత్రంతా ఆవిడ ఒక్కతీ మేలుకుని కూర్చుంది. రెండో పని, సాయంత్రం వాళ్ళాయన్ని పిలిపించి నా ఎదురుగా చెప్పించడం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే" అన్నారు. "చెబితే వినేవారా అన్నయ్యగారూ?" అని నేనే అడిగాను. దానికీ మాట్లాడలేదు. కాని మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళి తాకట్టు చీటీ గడువు పొడిగించుకుని వచ్చారు. పోయిన డబ్బు మాత్రం ఇంతవరకూ రాలేదు.

మొన్న స్టీలు సామాన్లవాడు వచ్చినప్పుడు ఆ అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. నా పాత చీరలు మూడు వాడి ముందు పడేసి, గిన్నె అంచు వేలితో తడిమి, "మూత కూడా ఇస్తేనే" అని భీష్మించుకు కూర్చుంది. అరగంట తరవాత వాడు గొణుక్కుంటూ మూత ఇచ్చి వెళ్ళాడు. ముప్ఫయ్యేళ్ళలో నాకు రాని మూత!

లెక్కలు రాకనా ఆ అమ్మాయి మోసపోయింది? ఎదురుగా మనిషీ, చేతిలో సరుకూ ఉన్న బేరంలో మన ఆడవాళ్ళని గెలవడం ఎవరి తరమూ కాదు. మనిషి కనపడని చోట, సరుకు తాకి చూడలేని చోట బేరానికి పిలిచేవాణ్ణి గడప ఎక్కనివ్వకండి. స్టీలు సామాన్లవాడు పోతూ పోతూ గిన్నెయినా పెట్టి పోతాడు.